అమ్మ ముఖాన్ని పచ్చబొట్టుగా వేయించుకోదలచిన మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అక్కయ్య ముఖాన్ని ఉన్నదున్నట్టుగా నీ చేతి మీద పచ్చబొట్టు వేయించుకోవాలనుకుంటున్నానని, నా అభిప్రాయం చెప్పమని వ్రాశావు. నాకు మనస్ఫూర్తిగా సమ్మతమే. రాజోలులో స్టూడియో నడిపినన్నాళ్ళూ, పోయినవారి ఫోటోలను పెద్దవి చేసి, సన్నని కుంచెతో దిద్ది, పటం కట్టి ఇవ్వడమే నా పనిలో ఎక్కువ భాగం. మీ అత్తయ్య పోయిన తరువాత ఆమె ముఖాన్ని నా ఎడమ ముంజేతి మీద వేయించుకున్నాను కూడా. ఆ రెండు అనుభవాలతోనూ చెబుతున్నాను: పోలిక నిలుస్తుందా చెడుతుందా అన్నది సూది చర్మాన్ని తాకకముందే, మనం ఎంచుకున్న ఫోటోతోనే చాలావరకు తేలిపోతుంది.

మొదటి మాట, సంవత్సరీకం అయ్యేవరకు ఆగు. మాసికాలు పెడుతున్న ఈ రోజుల్లో నీ కళ్ళ ముందు నిలిచేది ఆసుపత్రి మంచం మీది అమ్మ ముఖమే. ఆ ముఖాన్ని చెరిపేయాలన్న తొందరలో చేతికి దొరికిన ఫోటోను పట్టుకుని వెళ్ళిపోతాము. ఏడాది గడిచేసరికి బంధువుల ఇళ్ళలోని పెళ్ళి ఆల్బముల నుంచి, గృహప్రవేశాల ఫోటోల నుంచి నువ్వెప్పుడూ చూడని అమ్మ బయటికి వస్తుంది. అడిగి, అన్నీ సేకరించు.

మీ హాల్లో దండ వేసి ఉన్న పటాన్ని మాత్రం నమూనాగా ఇవ్వవద్దు. అది ఒక గుంపు ఫోటోలోంచి కత్తిరించి పెద్దది చేసినది. పటాల కోసం ఫోటోను దిద్దేటప్పుడు రంగు తెలుపు చేయడం, ముడతలు తీసేయడం, కనుబొమలు నల్లగా గీయడం స్టూడియోల ఆనవాయితీ. అక్కయ్య పై పెదవి పక్కనున్న చిన్న పుట్టుమచ్చ ఆ పటంలో లేదు, ఒకసారి దగ్గరగా చూడు. పటంగా గోడ మీద ఉండటానికి అది బాగానే ఉంటుంది కానీ, పచ్చబొట్టుకు ఆ పుట్టుమచ్చా, ఎడమ కంటి రెప్ప కొంచెం వాలి ఉండటమూ కావాలి. ముఖాన్ని ఆమెదిగా చేసేవి అవే.

ఫోటోలో వెలుగు ఏ వైపు నుంచి పడిందో చూడు. ఎదురుగా ఫ్లాష్ కొట్టి తీసిన పాస్‌పోర్టు ఫోటోలో ముఖం చదునైపోతుంది. వాస్తవికంగా వేసే ముఖంలో గీత చాలా తక్కువ, పనంతా నీడలతోనే జరుగుతుంది. ముక్కు దూలం పక్కన, చెంప కింద, కనురెప్ప మడతలో నీడ లేకపోతే వేసేవాడు దాన్ని తన ఊహతో పూరించవలసి వస్తుంది. వసారాలో కూర్చున్నప్పుడో, కిటికీ పక్కన నిలబడినప్పుడో ఒక పక్క నుంచి వెలుగు పడిన ఫోటో దొరికితే అది మేలైనది. పళ్ళన్నీ కనిపించే నవ్వు ఫోటోలో ఎంత అందంగా ఉన్నా, పళ్ళ సందుల్లోని సన్నని నలుపు చర్మం మీద కాలక్రమేణా ముతకగా మారుతుంది కనుక, పెదవులు మూసిన చిరునవ్వే మంచిది. అక్కయ్యను కళ్ళద్దాలు లేకుండా మనలో ఎవరమూ తలచుకోలేము కాబట్టి, అద్దాల మీద మెరుపు పడని ఫోటో చూసి, వాటిని అలాగే ఉంచు.

పాత ప్రింటు అయితే ఆల్బములోంచి తీసి, సెల్‌ఫోనుతో కాకుండా స్కానరుతో 600 డీపీఐలో స్కాన్ చేయించు. నెగెటివ్ దొరికితే ఇంకా మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపు. మసకబారిన ఫోటోను స్పష్టంగా చేసి ఇస్తామనే యాప్‌ల జోలికి వెళ్ళవద్దు. లేని వివరాన్ని అవి కల్పించి అతికిస్తాయి, మిగిలేది అమ్మను పోలిన మరెవరో స్త్రీ ముఖం. ఎంపిక అయ్యాక ఆ ఫోటోను అమ్మను చిన్నప్పటి నుంచి ఎరిగిన వారెవరికైనా, ఎందుకో చెప్పకుండా, చూపించు. వారు తడుముకోకుండా అక్కయ్యను పేరు పెట్టి పిలిచినట్టు స్పందిస్తే అదే సరైన ఫోటో.

ఇక పరిమాణం. బొటనవేలంత ముఖం వేయమని అడుగుతున్నవాళ్ళను చూస్తుంటాను, నువ్వు అలా అడగవద్దు. సిరా చర్మంలో ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా వ్యాపిస్తుంది. అమ్మమ్మ ముంజేతి మీద తీర్థంలో పొడిపించుకున్న పేరును నువ్వు చూశావు, ఆమె వృద్ధాప్యం నాటికి అక్షరాలు లావెక్కి ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. పేరు కలిసిపోతే చదువుకోగలం, కన్ను కలిసిపోతే ముఖమే మిగలదు. నుదుటి నుంచి గడ్డం వరకు కనీసం నాలుగు అంగుళాలైనా ఉండాలని నా సలహా.

చోటు విషయంలో భుజం కింద బయటి వైపు గానీ, ముంజేతి లోపలి వైపు గానీ ఎంచుకో. మోచేతి మడత, మణికట్టు, పొట్ట పనికిరావు. పిక్క మీద బాగా కుదురుతుందని ఎవరైనా చెప్పినా వినవద్దు, తల్లి ముఖం కాలి మీద ఉండటం మన ఇంట్లో ఎవరూ భరించలేరు. స్టెన్సిల్, అంటే సూది పెట్టే ముందు చర్మం మీద అద్దే గీతల నమూనా, అంటించిన తరువాత నిలబడి, చెయ్యి సహజంగా వదిలి, అద్దంలో చూసుకో. పడుకున్నప్పుడు తిన్నగా ఉన్న ముఖం నిలబడితే ఒరగవచ్చు. ఒరిగితే తుడిపించి మళ్ళీ అంటించమను, మొహమాట పడవద్దు.

రంగులు వద్దు, నలుపు బూడిద ఛాయలే చాలు. నల్ల సిరాను పలుచన చేసి ఛాయలు పుట్టించే ఈ పద్ధతి 1970లలో అమెరికాలో, తూర్పు లాస్ ఏంజెలెస్‌లో, జైళ్ళలోని ఒంటి సూది పనితనం నుంచి బయటికి వచ్చి స్థిరపడింది. సిరాను మనం చర్మపు రంగులోంచే చూస్తాము కనుక, మన చామనఛాయ మీద లేత రంగులు త్వరగా మరుగున పడతాయి, తెల్ల సిరా కూడా నిలవదు. వెలుగు పడవలసిన చోట చర్మాన్నే ఖాళీగా వదిలి, కనుపాపలోనూ జుట్టులోనూ నిండైన నలుపు పెట్టగలిగినవాడే మనకు తగిన కళాకారుడు. అతడు అప్పుడే వేసిన ఫోటోలు చూపిస్తే సరిపెట్టుకోకు, మన రంగు చర్మం మీద వేసి ఏడాది దాటిన ముఖాలను చూపించమను. పేర్లు, డిజైన్లు చక్కగా వేసే వారందరికీ ముఖం రాదు. మన జిల్లాల్లో అలాంటివారు కనిపించకపోతే విశాఖపట్నమో హైదరాబాదో వెళ్ళు, ధర దగ్గర బేరమాడకు.

సూదుల ద్వారా హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి వ్యాపించే ప్రమాదం ఉంది. సూదుల ప్యాకెట్టు నీ ఎదుట విప్పాలి, సిరాను నీ ఒక్కడి కోసమే చిన్న గిన్నెల్లో పోయాలి, గ్లౌజులు కొత్తవై ఉండాలి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఇప్పుడే మొదలుపెడితే సంవత్సరీకం నాటికి పూర్తవుతాయి. నీ ఎడమ భుజం మీద చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చను కూడా తడిమి చూసుకో. అది ఉబ్బి, మొదటి గాయం హద్దులు దాటి పెరిగి ఉంటే నీ చర్మానికి కీలాయిడ్ స్వభావం ఉందన్నమాట, చర్మవైద్యుణ్ణి చూడకుండా ముందుకు వెళ్ళవద్దు. మన వంశంలో చక్కెర వ్యాధి ఉంది కనుక ఆ పరీక్ష కూడా చేయించు.

నిన్ను ప్రత్యేకంగా హెచ్చరించవలసింది నీ రొయ్యల చెరువుల గురించి. కొత్త పచ్చబొట్టు తెరిచి ఉన్న గాయమే. రొయ్యలకు తెగులు తెస్తుందని నువ్వు భయపడే విబ్రియో జాతి సూక్ష్మజీవుల్లో కొన్ని, ఉప్పునీటిలోనూ చవిటి నీటిలోనూ ఉంటూ, గాయం గుండా మనిషికి ప్రాణాంతకమవుతాయి. పచ్చబొట్టు వేయించుకున్న అయిదు రోజులకు మెక్సికో సింధుశాఖలో ఈత కొట్టిన ఒక కాలేయ రోగి ఇలాగే మరణించినట్టు 2017లో ఒక బ్రిటిష్ వైద్య పత్రిక ప్రచురించింది. అందుచేత రొయ్యల పట్టుబడి ముగిసి, చెరువులో మళ్ళీ రొయ్య పిల్లను వదిలే లోపల ఉండే ఖాళీలో, అదీ చెమట తక్కువగా ఉండే మార్గశిర, పుష్య మాసాల్లో పెట్టుకో. పైచర్మం మానే వరకు, కనీసం నెల రోజులు, చెరువులో గానీ కాలువలో గానీ దిగవద్దు. సంవత్సరీకానికి నదీస్నానం ఉంటుంది కనుక కూడా పని ఆ తరువాతే కావాలి. 2027 గోదావరి పుష్కరాలకు ముందు నెలల్లోనూ వద్దు. రోజూ మామూలు సబ్బు, శుభ్రమైన నీటితో కడిగి, మెత్తగా అద్ది, వారు చెప్పిన లేపనం పలుచగా రాయి. పసుపు, కొబ్బరినూనె, ఆకు పసర్లు వద్దు. పొక్కు గిల్లవద్దు. ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్ళు.

సిరాలో చితాభస్మం కలిపించుకునే వారున్నారని నువ్వు అడిగావు. శుద్ధి చేసిన సిరాలో మరేదీ కలపకూడదు. పైగా అక్కయ్య అస్థికలను అంతర్వేది దగ్గర వశిష్ఠ గోదావరిలో కలిపి వచ్చాము, ఆ కర్మ పూర్తయింది.

సైన్యంలో చేరాలనుకుంటున్న నీ తమ్ముణ్ణి ఇప్పుడు తొందరపడవద్దని చెప్పు. సాధారణ అభ్యర్థులకు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక మాత్రమే పచ్చబొట్టును సైన్యం అనుమతిస్తుంది, భుజం మీద ఉంటే వైద్య పరీక్షలో తిరస్కరిస్తారు. రక్తదానం చేసే అలవాటున్న నువ్వు పచ్చబొట్టు వేయించుకున్నాక పన్నెండు నెలలు దానికి దూరంగా ఉండవలసి వస్తుంది.

బావగారికి మాత్రం ముందే చెప్పు. అన్నం వడ్డించుకునే ప్రతి పూటా ఆ ముఖం ఆయన కంటికి ఎదురుపడుతుంది. ఆయనకు అది ఓదార్పు కావచ్చు, తట్టుకోలేనిదీ కావచ్చు. తట్టుకోలేనన్నట్టు అనిపిస్తే ముంజేతిని విడిచి, చొక్కా చేతి కింద కప్పుకోగలిగే చోటు ఎంచుకో. ఆయన మాట తెలిశాక, నీకు నచ్చిన రెండు మూడు ఫోటోలను నువ్వు అనుకున్న పరిమాణంలోనే ప్రింటు తీయించి నాకు పంపు. వాటిలో నీడలు ఎక్కడ చాలవో పెన్సిలుతో గుర్తు పెట్టి తిరుగు టపాలో పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య