ముందు ఆ మొదటి వాక్యం కొట్టెయ్

అమ్మలూ,

నీ దరఖాస్తు చదివాను. "చిన్నప్పటి నుంచీ నాకు సినిమాలంటే ప్రాణం" అని మొదలుపెట్టావు. ముందు ఆ వాక్యం కొట్టెయ్. అది అబద్ధమని కాదు. సినిమాలో పీజీకి దరఖాస్తు పెట్టేవాళ్లలో చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అలాంటివి ఏళ్ల తరబడి చదివినవాణ్ణి, చదివేవాళ్లు ఏం వెతుకుతారో నాకు తెలుసు. ఒక సినిమాలో నీ కంటికి మాత్రమే ఆనిన ఒక్క సంగతి రాయి. పాత్ర ఏడుపు మొదలుపెట్టగానే కెమెరా ఎందుకు వెనక్కి జరిగింది? గదిలో గడియారం చప్పుడు మాటల మధ్యలో ఎందుకు ఆగిపోయింది? దాని మీద రెండు పేరాలు నిలబెట్టగలిగితే నీ ఇష్టం గురించి వేరే చెప్పుకోనక్కర్లేదు.

ఇంకోటి. సినిమా తీయడం నేర్పే చదువు వేరు, సినిమాను పరిశీలించడం నేర్పే చదువు వేరు. 1919లో మాస్కోలో మొదలైన పాఠశాల నుంచి నేటి దాకా మొదటి రకం చదువంతా కెమెరా, ఎడిటింగ్, జట్టుగా పనిచేయడం చుట్టూ తిరుగుతుంది. రెండో రకంలో చదవడం, రాయడం ఎక్కువ. రెండూ ఉన్నాయని చెప్పే కోర్సులూ ఉంటాయి. అలాంటప్పుడు చివర్లో ఏం సమర్పించమంటున్నారో చూడు, సినిమానా, డిసర్టేషనా (పెద్ద పరిశోధన వ్యాసమా)? కోర్సు అసలు స్వభావం అక్కడ బయటపడుతుంది. నువ్వు రెండోదానికే తగినదానివని నా నమ్మకం. సినిమా చూసొచ్చాక నువ్వెప్పుడూ కథ చెప్పవు, ప్రశ్నలడుగుతావు.

చూడటం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. మొదటిసారి కలం పక్కన పెట్టి, మధ్యలో ఆపకుండా చూడు. ఆ అనుభవం మళ్లీ రాదు. రెండోసారి ఒక్క సన్నివేశం తీసుకుని ప్రతి షాట్‌కీ నంబరు వేసి, ఎన్ని సెకన్లుందో, కెమెరా ఎంత దూరంలో ఉందో, ఏం వినిపిస్తోందో చేత్తో రాసుకో. పది నిమిషాల సన్నివేశానికి రోజంతా పట్టినా కంగారుపడకు. తర్వాత బొమ్మ లేకుండా శబ్దం ఒక్కటే విను. దుఃఖాన్ని నటి ముఖం మోస్తోందనుకున్నచోట అసలు మోసింది నిశ్శబ్దమని నాకు అలా వింటేనే తెలిసింది.

ఇక నా చేతులు కాలిన సంగతి. నా డిసర్టేషన్‌లో ఒక అధ్యాయం మొత్తం ఒకే వాదన మీద నడిచింది: ఈ దర్శకుడు మనుషుల్ని ఫ్రేమ్ అంచుకు నెట్టి సగానికి కోసేస్తాడు, అది ఒంటరితనానికి గుర్తు అని. వైవాలో, అంటే దాని మీద జరిగే మౌఖిక పరీక్షలో, పరీక్షకుడు ఒక్కటే అడిగాడు, "ఏ కాపీ చూశావు?" నేను చూసింది వీడియో టేపు. తర్వాత పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌కి వెళ్లి అసలు ప్రింట్ చూస్తే మనుషులంతా నిండుగా ఉన్నారు. వెడల్పాటి బొమ్మను పాత టీవీ తెరలో పట్టించడానికి ఎవరో పక్కలు కత్తిరించారు. నేను రాసింది దర్శకుడి గురించి కాదు, ఆ కత్తిరింపు గురించి. అధ్యాయమంతా తీసేశాను.

అందుకే నోట్సు పైన ఏ కాపీ, ఎక్కడిది, ఎన్ని నిమిషాలు అన్నది ముందు రాసుకో. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన సినిమాను పాల్ పద్ధతి (మన దేశంతో సహా చాలా దేశాల పాత టీవీల పద్ధతి) వీడియోలో 25తో నడిపేవాళ్లు. వంద నిమిషాల సినిమా 96 నిమిషాలకు తగ్గిపోతుంది, గొంతులు కాస్త సన్నబడతాయి. షాట్ల నిడివి కొలిచేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. మూకీల సంగతి ఇంకా చిక్కు. చేత్తో కెమెరా తిప్పిన రోజుల్లో స్థిరమైన వేగమే లేదు. మనుషులు గబగబా పరుగెడుతున్నట్టు కనిపించడం చాలాసార్లు తర్వాతి ప్రదర్శన వేగం వల్లే. వీలైతే ఒక్కసారైనా ఆర్కైవ్‌లో అసలు ఫిల్మ్ చూడు. 1938లో నాలుగు ఆర్కైవులు కలిసి పెట్టుకున్న అంతర్జాతీయ సమాఖ్యలో ఇప్పుడు ఎన్నో దేశాలవి ఉన్నాయి. పని ఏమిటో స్పష్టంగా ముందే ఉత్తరం రాస్తే చాలా చోట్ల ఓపిగ్గా సాయం చేస్తారు.

పుస్తకాల్లో రాసినదాన్నీ ఇలాగే ప్రశ్నించు. సినిమా తొలినాళ్లలో ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరులు తీసిన చిత్రంలో రైలు తెర మీదికి దూసుకొస్తుంటే జనం భయంతో పరుగెత్తారని ఎన్నో పుస్తకాల్లో ఉంది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి చూపిన పది చిత్రాల్లో అసలు ఆ రైలే లేదు. తర్వాత చూపినప్పుడైనా జనం అలా పరుగుతీశారనడానికి ఆనాటి పత్రికల్లో గట్టి ఆధారం చరిత్రకారులకు దొరకలేదు. సిద్ధాంతాలు చదువు, శ్రద్ధగా చదువు. కానీ సిద్ధాంతం చెప్పిందే సినిమాలో వెతికితే అదే కనిపిస్తుంది. ముందు సినిమా నుంచి నీ ప్రశ్న పుట్టాలి. అదీ చిన్నదై ఉండాలి. "సినిమాలో స్త్రీ" అన్నది జీవితకాలానికి సరిపడే పని. "ఈ మూడు సినిమాల్లో వంటగదిని ఎవరి చూపులోంచి చూపించారు" అన్నది రెండేళ్లలో అయ్యే పని.

గైడ్‌ను పేరు చూసి ఎంచుకోకు. వాళ్ల దగ్గర చదువుతున్నవాళ్లను అడుగు, రాసిందిస్తే ఎన్నాళ్లకు చదివి తిరిగిస్తారని. నువ్వు కూడా ఉత్త చేతులతో వెళ్లకు, రెండు పేజీలైనా పట్టుకెళ్లు.

తర్వాత ఉద్యోగం ఏమిటని మీ అమ్మ అడుగుతుంది. ఆమె అడగడంలో తప్పు లేదు. బోధన, ఆర్కైవుల పని, చిత్రోత్సవాలకు సినిమాల ఎంపిక, విమర్శ, సబ్‌టైటిళ్లు, ఇవీ దారులు. ఏదీ త్వరగా స్థిరపడేది కాదు. ఆ మాట దాచకుండా చెప్పు. నేనూ ఆమెతో మాట్లాడతాను.

వచ్చే ఆదివారంలోగా నీకు బాగా నచ్చిన సినిమాలో ఐదు నిమిషాలకు షాట్ల పట్టిక రాసి పంపు. ఏ కాపీ చూశావో మొదటి లైన్లోనే ఉండాలి. నేనూ అదే సన్నివేశం రాసి పెడతాను, ఇద్దరం పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఆశీస్సులతో,
బాబాయి