పాఠకుల ప్రశ్నలు: సాలీడు కదిలినా మోగే కెమెరా

ప్రశ్న: మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. యార్డులో 4 కెమెరాలు పెట్టించాం. తెల్లవార్లూ ఫోన్ మోగుతూనే ఉంటుంది, చూస్తే ఎవరూ ఉండరు. విసుగొచ్చి సైలెంట్‌లో పెట్టిన రాత్రే మోటారు కేబుల్ కోసుకుపోయారు. ఏఐ కెమెరాలు కొనాలా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: కొనే ముందు రాత్రి వీడియో ఒకటి పెద్ద తెర మీద చూడండి. తెల్లటి తాడులాంటిది అడ్డంగా ఊగుతుంటే అది సాలెపోగు. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలకు పురుగులు చేరతాయి, వాటి కోసం సాలీడు చేరుతుంది. గాజుకు అంగుళం దూరంలోని పోగు ఆ వెలుగుకు మెరిసి చేంతాడంత కనబడుతుంది. మీకు తోడు రాతిపొడి ఒకటి. గాజు మీద పేరుకుందంటే బొమ్మంతా పాలు పోసినట్టుంటుంది. వారానికోసారి నీళ్లతో పొడి కడిగేశాకే మెత్తటి గుడ్డతో తుడవండి, పొడిమీద రుద్దితే గీతలు పడతాయి. కెమెరా దీపాలు ఆపేసి, విడి ఇన్‌ఫ్రారెడ్ దీపాన్ని మీటరు అవతల బిగిస్తే సాలీడు కాపురం అటే మారుస్తుంది.

ఇక సెట్టింగు. మోషన్ డిటెక్షన్ (కదలికను పట్టే సెట్టింగు) చూసేది బొమ్మలో వచ్చే మార్పునే. లారీ లైటు గోడ మీద పడ్డా దానికి దొంగే. మీరడిగిన ఏఐ పని మనిషిని గుర్తుపట్టడమే, మీ కెమెరా మెనూలోనే ‘హ్యూమన్’ అని ఉందేమో వెతకండి. ఉండి కూడా ఆన్ చేయని కెమెరాలు చాలా ఉంటాయి. ఉంటే, దాటితే ఫోన్ మోగే హెచ్చరిక గీతను తెర మీది బొమ్మలో గోడ మీద కాక, గోడకు 2 మీటర్లు లోపలి నేల మీద పడేలా గీయండి. రోడ్డు అందులో పడకూడదు. నిలబెట్టిన బండల చాటున నడుము దాకా మరుగైతే సాఫ్ట్‌వేర్ మనిషిని మనిషిగా లెక్కపెట్టకపోవచ్చు, అందుకే వరుసల మధ్య సందుల్లోకి నేరుగా చూసేలా తిప్పండి. ఎత్తు 3–4 మీటర్లు చాలు, ఇంకా పైకెక్కిస్తే నెత్తి తప్ప కనబడదు.

ముఖం పోల్చాలంటే మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు కావాలి. 4 మెగాపిక్సెల్ కెమెరాకు అడ్డంగా 2560 ఉంటాయి, అంటే 10 మీటర్ల వెడల్పుకే సరిపోతాయి. కాబట్టి ఒకటి గేటుకే కేటాయించండి.

అన్నీ అయ్యాక రాత్రి 11 దాటాక మీరే గోడ వెంట ఒకసారి నిటారుగా, ఒకసారి వంగి నడవండి. ఫోన్ మోగని మూల ఏదో తెలిసిపోతుంది. యూపీఎస్‌కు కెమెరాలు, రికార్డరుతో పాటు రౌటరూ తగిలించండి, లేకుంటే కరెంటు పోతే హెచ్చరిక రాదు.

ప్రశ్న: 4 కెమెరాలకు నెల రికార్డింగ్ ఉండాలంటే ఎంత హార్డ్ డిస్క్?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కెమెరాకు రికార్డింగ్ వేగం 4 ఎంబీపీఎస్ (సెకనుకు 4 మెగాబిట్లు) పెడితే రోజుకు 43 జీబీ. నాలుగింటికి 30 రోజులకు 5.2 టీబీ, 6 టీబీ డిస్కు తీసుకోండి. మీ రికార్డరు అంత డిస్కును గుర్తుపడుతుందో లేదో ముందే చూసుకోండి.