యాప్‌లో నార్మల్, ఇంకో యాప్‌లో ఊబకాయం!

ప్రశ్న: మా బాబుకి ఈమధ్యే తొమ్మిదేళ్లు నిండాయి. ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. ఫోన్‌లో ఒక యాప్ బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 21.8, నార్మల్ అంది. ఇంకో యాప్ అదే అంకెకి ఊబకాయం అని ఎర్రరంగులో చూపించింది. మా అత్తగారేమో పిల్లాడి బరువు చూస్తే దిష్టి తగులుతుందంటారు. దేన్ని నమ్మాలి? టెన్షన్‌గా ఉంది.
– ఓ తల్లి, రాజోలు

జవాబు: రెండోదాన్నే నమ్మండమ్మా. మొదటి యాప్ మీ బాబుకి పెద్దవాళ్ల లెక్క వేసేసింది. పిల్లలకి బీఎంఐ ఎంత దాటితే ఎక్కువో చెప్పే గీత వయసుని బట్టి మారుతుంది, ఆడపిల్లకి వేరు, మగపిల్లాడికి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 చార్టు ప్రకారం తొమ్మిదేళ్ల మగపిల్లాడికి 17.9 దాటితే అధిక బరువు, 20.5 దాటితే ఊబకాయం. కాబట్టి పుట్టిన తేదీ, ఆడా మగా అని అడగని యాప్ పిల్లలకి పనికిరాదు, తీసేయండి. మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులతో పనిచేసేది దొరికితే మన పిల్లలకి మరీ మంచిది.

ఎత్తు మాత్రం జాగ్రత్తగా కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, చూపు ఎదురుగా పెట్టించి చూడాలి, ఎందుకంటే రెండు సెంటీమీటర్లు ఎక్కువ రాసినా మీ 21.8 కాస్తా 21.2 అయిపోతుంది. టేపుతో నడుము కూడా కొలవండి, అది ఎత్తులో సగం, అంటే మీ బాబుకి 66 సెంటీమీటర్లు దాటితే పొట్ట దగ్గర కొవ్వు చేరినట్టే. ఫొటో తీస్తే కొవ్వెంతో చెప్తామనే యాప్‌లొద్దు, పిల్లాడి ఫొటోలు ఎవరి చేతికి పోతాయో ఎవరికి తెలుసు.

అత్తగారి మాటలోనూ కొంత న్యాయం ఉంది. వారం వారం తూచి, నలుగురిలో ఆ అంకె చెప్తే పిల్లాడు చిన్నబుచ్చుకుంటాడు. మూడు నెలలకోసారి చాలు. అన్నం మాన్పించకండి, ఎదిగే ఒళ్లు. తాపేశ్వరం కాజాలు, కూల్‌డ్రింకులు పండక్కే పరిమితం చేసి, సాయంత్రం ఫోన్ పక్కన పెట్టించి కాలవగట్టు మీద సైకిల్ తొక్కనివ్వండి. చాలామంది పిల్లలకి బరువు తగ్గక్కర్లేదు, అది నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే అంకె దానంతటదే దిగుతుంది.

ఊబకాయం గీత దాటాడు కాబట్టి అమలాపురంలోనో పాలకొల్లులోనో పిల్లల డాక్టరుకి ఒకసారి చూపించండి. మెడ వెనక నల్లగా, మందంగా ఉన్నా, రాత్రి గురక పెడుతున్నా అస్సలు ఆలస్యం చేయొద్దు. టీకాల కార్డుంటే పట్టుకెళ్లండి, చిన్నప్పటి బరువులు అందులో రాసుంటే ఎప్పటినుంచి పెరిగాడో డాక్టరుగారికి తెలుస్తుంది.