మొదటిసారి కిలిమంజారో ఎక్కబోతున్నాను, భయంతో నిద్ర పట్టట్లేదు, ఎలా ప్రిపేర్ అవ్వాలి?

నాకూ అచ్చం ఇలాగే ఉండేదండి. బయల్దేరే ముందు పది రోజులు రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేసేది, ఫోన్ తీసి ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ గురించి చదువుతూ కూర్చునేదాన్ని, చదివేకొద్దీ ఇంకా దడ.

నేను నాలుగు నెలల ముందు మొదలుపెట్టా. వారం మధ్యలో బ్యాగులో ఆరు లీటర్ల నీళ్ళ సీసాలు వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్లు, ఆదివారం పొద్దున్నే భువనగిరి కోట. 2014లో పదమూడేళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ ట్రైనింగ్ మొదలైంది ఈ బండ మీదే కదా అని గుర్తొస్తే కాళ్ళకి కాస్త బలం వచ్చేది. దిగడం కూడా ప్రాక్టీస్ చేయండి, శిఖరం నుంచి మ్వేకా క్యాంపుకి ఒక్క రోజులో దాదాపు 2,800 మీటర్లు దిగాలి, మోకాళ్ళు అక్కడే మొరాయిస్తాయి. షూస్ ఇప్పుడే కొని తొడిగి అరగదీయండి.

అయితే హైదరాబాద్‌లో ఎంత పరిగెత్తినా ఎత్తు అలవాటు అవ్వదు. కిలిమంజారో శిఖరం ఉహురు పీక్ 5,895 మీటర్లు, సముద్ర మట్టం దగ్గర అందే ఆక్సిజన్‌లో అక్కడ అందేది సగమే. ఒళ్ళు అక్కడికెళ్ళాకే నేర్చుకోవాలి, దానికి రోజులు కావాలి. అందుకే మచామే రూట్‌లో 4,600 మీటర్లున్న లావా టవర్ దాకా ఎక్కించి, మళ్ళీ 3,900 చిల్లర దగ్గర బరాంకో క్యాంపుకి దించి పడుకోబెడతారు.

నేను తప్పు చేసింది ఆ సాయంత్రమే. గైడ్ వేలికి ఆక్సీమీటర్ పెట్టి తలనొప్పి ఉందా, వికారంగా ఉందా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు, నాకు మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతోంది, అయినా ఏం లేదు అనేశా, చెప్తే కిందికి పంపించేస్తారని. తర్వాత సూప్ గిన్నెలో స్పూన్ తిప్పుతూ కూర్చున్నా, ఒక్క గుక్క దిగలేదు. ఆయన చూసి పక్కనొచ్చి కూర్చుని మెల్లగా మళ్ళీ అడిగాడు, నాకు ఏడుపొచ్చేసింది. ఆయన తిట్టలేదు, ఏమీ అనలేదు. ఈ మాత్రం నొప్పి చాలామందికి వస్తుంది, పొద్దున్నకి తగ్గితే పైకెళ్దాం, తగ్గకపోతే ఇక్కడే ఆగుదాం, పెరిగితే మాత్రం అర్ధరాత్రైనా దిగిపోదాం అన్నాడు. తగ్గింది. తగ్గకుండా పెరిగి ఉంటే, నేను చెప్పకపోయుంటే ఆయనకెలా తెలిసేది, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అందుకే దండం పెట్టి చెప్తున్నా, భయం ఉంటే ఉండనివ్వండి, భయపడి ఒంట్లో బాలేని సంగతి దాచడం మాత్రం చేయకండి.

అర్ధరాత్రి బరాఫు క్యాంపు నుంచి ఆఖరి ఎక్కుడికి బయల్దేరినప్పుడు కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ముందు నడిచే మనిషి బూటు మడమ మీద పడిన హెడ్‌ల్యాంప్ వెలుగు తప్ప ఏమీ చూడలేదు, పక్కన గైడ్ "పోలే పోలే" అంటూనే ఉన్నాడు, స్వాహిలీలో మెల్లమెల్లగా అని. శిఖరానికి కాస్త ముందు, క్రేటర్ అంచు మీదుండే స్టెల్లా పాయింట్ చేరేసరికి తెల్లారింది.

ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు, సల్ఫా ఎలర్జీ ఉంటే ముందే చెప్పండి. వేసుకున్నాక వేళ్ళు తిమ్మిరెక్కినట్టు ఉంటే కంగారు పడకండి, మామూలే.

ఇంతకీ మీరు బుక్ చేసింది ఎన్ని రోజులది? మచామే ఆరు రోజులదైతే ఇవాళే ఫోన్ చేసి ఏడుకి మార్పించండి.