గోడ మీది బుద్ధుణ్ణి ఎలా అర్థం చేసుకోవాలి?

చెన్నైలో ఒక గోడ మీద బుద్ధుడికి హెడ్‌ఫోన్స్ పెట్టి వేశారు, ఇది భక్తా, వెక్కిరింతా అని ఒకరు నన్ను అడిగారు. హెడ్‌ఫోన్స్ సంగతి తర్వాత, ముందు చేతులు చూడండి. కుడి అరచేయి మనవైపు తిరిగి పైకెత్తి ఉంటే అభయముద్ర. కుడిచేతి వేళ్లు మోకాలి మీదుగా దిగి నేలను తాకుతుంటే భూమిస్పర్శ, అంటే జ్ఞానోదయ ఘట్టం. అందులో ఎడమచేయి ఒడిలోనే ఉండాలి. నేలను తాకేది ఎడమచేయి అయితే వెంటనే దాన్ని తిరుగుబాటు అనుకోకండి. స్టెన్సిల్ (బొమ్మ కత్తిరించిన అచ్చు) తిరగేసి పెట్టినా అలాగే వస్తుంది.

చక్రం ఉంటే దాని ఆకులు (చువ్వలు) లెక్కపెట్టండి. ఎనిమిదైతే బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గం. 24 ఉండి, వెనక నీలం రంగు పరిచి ఉంటే అంబేద్కర్ బౌద్ధం గుర్తుకు రావాలి. ఆయన దీక్ష తీసుకున్నది 1956లో, నాగపూర్‌లో. తమిళనాట ఈ పాయ ఇంకా పాతది. దళిత ఉద్యమకారుడు అయోతీదాస పండితర్ 1898లోనే శాక్య బౌద్ధ సంఘం పెట్టారు. అలాంటి గోడ మీది బుద్ధుడు సమానత్వం అడుగుతున్నాడు.

బుద్ధుడే లేకుండా ఖాళీ ఆసనం, పాదముద్రలు వేస్తే చాలామంది కొత్త ప్రయోగం అనుకుంటారు. మన అమరావతి శిల్పులు ఎప్పుడో చేసిన పని అది! చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియంలో ఆ రాళ్లు ఉన్నాయి, తప్పక చూడండి.

ఇక హెడ్‌ఫోన్స్. ముద్ర, సగం వాలిన కళ్లు, సాగిన చెవితమ్మెలు పద్ధతిగా వేసి ఒక్క వస్తువే మార్చారంటే, గీసినవాళ్లకు సంప్రదాయం తెలుసు, ప్రశ్న ఆ వస్తువు మీదే. తల ఒక్కటే వేసి వదిలేస్తే, నా దృష్టిలో అది ఎక్కువగా షోరూం అలంకారమే.