రెప్లికా కొనేముందు అసలు వస్తువు ఎలా తయారైందో తెలుసుకోండి

పాత సినిమాల్లో కనిపించిన వస్తువుల రెప్లికాలు, అంటే అచ్చం అలాగే చేసిన నకళ్లు, సేకరించడం ఎక్కడ మొదలుపెట్టాలి, దానికి పెట్టే డబ్బు దండగ కాదా అని అడిగారు. హైదరాబాద్‌లో ఉంటూ చాలా ఏళ్లుగా ఇదే వ్యాపకంలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు డబ్బు సంగతి. రేపు అమ్ముకుంటే నాలుగు రాళ్లు వస్తాయన్న ఆశ ఉంటే ఇటు రావద్దండి. వార్తల్లో చదివే పెద్ద పెద్ద ధరలన్నీ అసలు వస్తువులవి. ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో డొరొతీ వేసుకున్న ఎర్ర చెప్పులనే తీసుకోండి. 1970లో ఎంజీఎం స్టూడియో సామాను వేలం వేసినప్పుడు ఒక జత 15,000 డాలర్లు పలికింది. ఇంకో జత 2005లో మినెసోటాలోని జూడీ గార్లండ్ మ్యూజియంలో చోరీ అయి, 2018లో ఎఫ్‌బీఐ చేతికి చిక్కి, 2024 డిసెంబర్ వేలంలో 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పోయింది, కమిషన్ కలిపితే 3 కోట్ల 25 లక్షలు. రెప్లికాకి ఈ లెక్క వర్తించదు. దాన్ని చూసుకుని, చేత్తో పట్టుకుని, ఆ సినిమా తీసినవాళ్లు ఎలా ఆలోచించారో అర్థం చేసుకుంటూ సంతోషపడేవాళ్లకి మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ విలువ ఉంటుంది, ఇది నేను గట్టిగా చెప్పగలను.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, షాపులో కాదు, సినిమాలో. మీకు బాగా ఇష్టమైన ఒక్క సినిమా, అందులో ఒక్క వస్తువు. అది దేంతో చేశారు, ఎందుకు అలా చేశారు, తెర మీద దాని పని ఏమిటి అన్నది తెలిస్తే ఏ రెప్లికా మంచిదో మీకే తెలిసిపోతుంది. ఇది తెలియకుండా కొన్నవి అలమరలో దుమ్ము పట్టి పోతాయి.

‘మాల్టీస్ ఫాల్కన్’ అని 1941లో జాన్ హస్టన్ తీసిన సినిమా ఉంది, హంఫ్రీ బోగార్ట్ హీరో. అందరూ ఒక నల్లటి డేగ బొమ్మ కోసం కొట్టుకుంటుంటారు. సినిమాలో వాడిన సీసపు బొమ్మ ఒకటి 2013లో న్యూయార్క్ వేలంలో 40 లక్షల డాలర్లకు పైనే పలికింది. ఎత్తు అడుగు దాకానే, బరువు మాత్రం 20 కిలోల దాకా. ఈ బొమ్మ రెప్లికాలు నెట్‌లో బోలెడు దొరుకుతాయి, చూడ్డానికి చాలావరకు బాగానే ఉంటాయి, కానీ అవి రెజిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థంతో పోసినవి, లోపల డొల్ల. చేతిలోకి తీసుకోగానే తేలిపోతుంది. ఆ కథలో బరువే ప్రాణం కదా, పైన రంగు గీకి చూస్తే బంగారం బదులు సీసం బయటపడటం, ఆఖర్లో పోలీసు దాన్ని ఎత్తి ఎంత బరువో అనుకోవడం, అన్నీ బరువు చుట్టూనే. అందుకే ఈ ఒక్క బొమ్మ విషయంలో ఈకల గీతలు కాస్త అటూ ఇటూ ఉన్నా నేను సర్దుకుంటాను గానీ బరువు లేకపోతే సర్దుకోను. నా దగ్గరున్నది ధూల్‌పేటలో వినాయకుడి బొమ్మలకు అచ్చులు తీసే ఒక పెద్దాయనతో పోయించుకున్నాను. పైన ఫైబర్, లోపల సిమెంటు, ఇనుప ముక్కలు. సీసం ఇంట్లో కరిగించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి, ఆ పొగ విషం, పిల్లలున్న ఇంట్లో అయితే మరీ ప్రమాదం.

రెండో సంగతి, ఒకే వస్తువుని సినిమావాళ్లు రెండు మూడు రకాలుగా చేయిస్తారు. దగ్గర షాట్‌కి నాణ్యంగా చేసింది ఒకటి, విసిరేయడానికో విరగ్గొట్టడానికో తేలిగ్గా చేసింది ఇంకొకటి. సినిమాలో వాడే వస్తువుని ప్రాప్ అంటారు, సేకరించేవాళ్లు మొదటిదాన్ని హీరో ప్రాప్ అనీ, రెండోదాన్ని స్టంట్ ప్రాప్ అనీ అంటారు. ‘సిటిజెన్ కేన్’లో రోజ్‌బడ్ అని పేరున్న, పిల్లలు మంచు మీద జారే చెక్క బండి ఉంది కదా, చివర్లో మంటల్లో వేసి కాల్చడానికి తేలికైన బాల్సా చెక్కతో చేసినవి వేరు. అలా కాలకుండా మిగిలిన బాల్సా బండిని 1982లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ 60,500 డాలర్లకు కొన్నాడు. గట్టి పైన్ చెక్కతో చేసింది వేరే ఉంది. కాబట్టి అమ్మేవాడు అచ్చం సినిమాలోదే అన్నప్పుడు ఏ రకం, ఏ సీన్‌లోది అని అడగండి. జవాబు చెప్పగలిగితే వాడు నిజంగా చూసి చేసినవాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన కోవ వేరే ఉంది. సినిమావాళ్లు కొత్తగా తయారుచేయకుండా పాత సామాను ఏరుకొచ్చి అతికించిన వస్తువులు. 1977 ‘స్టార్ వార్స్’కి సెట్ డెకరేటర్‌గా చేసిన రోజర్ క్రిస్టియన్‌కి ఖర్చు పెట్టడానికి పెద్దగా డబ్బు లేదు. లండన్‌లో ఒక పాత కెమెరా షాపులో గ్రాఫ్లెక్స్ ఫ్లాష్ గన్ పిడి దొరికింది. అమెరికాలో పత్రికల ఫొటోగ్రాఫర్లు తమ పెద్ద కెమెరాలకి తగిలించుకునే ఫ్లాష్ అది, రోచెస్టర్‌లో తయారయ్యేది, మన పెద్ద టార్చిలైటు బ్యాటరీలు 3 పట్టే గొట్టం. దానికి కింద నల్లటి పట్టీలు అతికించి, బిగింపు దగ్గర ఒక కాలిక్యులేటర్‌లో అంకెల్ని పెద్దవిగా చూపే బుడగల పట్టీ పెట్టాడు, అంతే, హీరో ల్యూక్ చేతిలో లైట్‌సేబర్ అనే కాంతి కత్తి అయింది. అతని గురువు ఓబీ వాన్ కత్తి పిడి ఇంకా అద్భుతం. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు గ్రెనేడ్ ముక్క, బ్రౌనింగ్ మెషీన్ గన్ భాగం, రోల్స్ రాయిస్ జెట్ ఇంజిన్‌లో ఒక పైపు ముక్క, ఆర్మిటేజ్ షాంక్స్ కంపెనీ బాత్రూమ్ కొళాయి పిడి. ఈ ముక్కలన్నీ ఏవేంటో ఎక్కడా రాసి లేవు. అభిమానులే ఏళ్ల తరబడి ఫొటోలు పెద్దవి చేసి చూసుకుంటూ, పాత సామాను అంగళ్లు గాలిస్తూ ఒక్కొక్కటీ పట్టుకున్నారు. ఆ ఓపిక తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇలాంటి వస్తువులతో లాభం ఏమిటంటే మీరు కొనేది నకలు కాదు, అదే కంపెనీ అదే కాలంలో చేసిన అదే భాగం. కాకపోతే అసలు గ్రాఫ్లెక్స్ పిడుల ధర సేకరించేవాళ్ల వల్లే బాగా పెరిగిపోయింది, పాత కెమెరాలు నిజంగా వాడేవాళ్లకి దొరక్కుండా పోతున్నాయి. నా అభిప్రాయం అడిగితే, పనిచేసే కెమెరా సెట్టుని విడదీసి పిడి లాక్కోవడం తప్పు. కొత్తగా అదే కొలతలతో చేసినవి దొరుకుతున్నాయి, నేను అదే తీసుకున్నాను, ఏ లోటూ అనిపించలేదు.

రంగు దగ్గర చాలామంది తికమక పడతారు. డొరొతీ చెప్పులు ఆ సినిమాకి ఆధారమైన నవలలో వెండివి, టెక్నికలర్‌లో, అంటే ఆనాటి రంగుల సినిమా పద్ధతిలో, బాగా కనపడాలని సినిమాలో ఎర్రవి చేశారు. అయితే ఆనాటి టెక్నికలర్‌లో మెరిసే ఎరుపు నారింజలా కనపడే ప్రమాదం ఉంది కాబట్టి చమ్కీలు ముదురు ఎరుపువి వాడారు. మీరు తెర మీద చూసిన రంగు కావాలంటే ఒకటి, స్టూడియోలో కళ్లముందు ఉన్న రంగు కావాలంటే ఇంకొకటి. ఏది కావాలో ముందే అనుకోవాలి.

నలుపు తెలుపు సినిమా అయితే ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇక్కడ మన సినిమా సంగతి చెప్పాలి. 1957 ‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె ఉంది కదా, మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపించే పెట్టె, శశిరేఖకి అభిమన్యుడు కనిపించేది అందులోనే. ఆ సినిమాకి కళా దర్శకులు గోఖలే, కళాధర్. ఆ పెట్టె రెప్లికా ఏ కంపెనీ దగ్గరా నాకు కనపడలేదు, అందుకే ఒక వడ్రంగితో చేయించుకున్నాను. కొలతల కోసం ఆ షాట్లన్నీ ఆపి ఆపి చూశాను. కిటుకు ఏమిటంటే సావిత్రి గారి చెయ్యి, పెట్టె అంచు కెమెరాకి ఒకే దూరంలో ఉన్న ఫ్రేమ్ పట్టుకోవాలి, అప్పుడు చేతి వెడల్పుతో పోల్చి పెట్టె వెడల్పు లెక్కకట్టొచ్చు. చెయ్యి ముందుకీ పెట్టె వెనక్కీ ఉన్న ఫ్రేమ్ తీసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది. ఇది ఏ సినిమాకైనా పనికొచ్చే పద్ధతి.

2010లో ఆ సినిమాని రంగుల్లో విడుదల చేశారు, దాన్ని చూసి రంగు వేయించొచ్చు కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. ఆ రంగులు మన కాలంవాళ్లు ఊహించి వేసినవి, సాక్ష్యం కాదు. నలుపు తెలుపు రోజుల్లో వస్తువుకి ఏ రంగు ఉందన్నది కాదు, కెమెరాలో ఎంత నలుపు, ఎంత తెలుపుగా పడుతుందన్నదే చూసుకునేవాళ్లు. అందుకని నేను వెండి, బూడిద ఛాయల్లోనే పెట్టె వేయించాను, మార్కస్ బార్ట్లే కెమెరా మనకి చూపించినట్టు. చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు, మా పెద్దమ్మ అయితే మూత తెరిచి నాకేం కనపడుతుందో చూస్తానంటూ కూర్చుంది.

కొనేటప్పుడు చూసుకోవాల్సింది ఒకటుంది, రీకాస్ట్. అంటే ఒకడు కష్టపడి చేసిన రెప్లికా మీద ఇంకొకడు అచ్చు తీసి చవగ్గా అమ్మేయడం. అచ్చు మీద అచ్చు తీసేకొద్దీ వస్తువు కొంచెం కొంచెం కుంచించుకుపోతుంది, అంచులు మొద్దుబారతాయి. కొలతలు అడిగి తెలిసినవాటితో సరిచూసుకోండి, అడుగుభాగం ఫొటో, అతుకుల ఫొటో పంపమనండి. నాకు ఒక విదేశీ అమ్మకందారు ఫొటోలో చూపించింది ఒకటి, పెట్టెలో పంపింది ఇంకొకటి. ముందే కొలతలు రాతపూర్వకంగా తీసుకున్నాను కాబట్టి డబ్బు వెనక్కి వచ్చింది. లైసెన్స్ ఉన్న కంపెనీ సరుకు అయితే ఈ టెన్షన్ తక్కువ, కానీ లైసెన్స్ ఉన్నంత మాత్రాన సినిమాలోలా ఉంటుందనుకోకండి, హక్కు వేరు, పనితనం వేరు.

చట్టం గురించి కొంచెం. ‘స్టార్ వార్స్’ సైనికుల తెల్ల హెల్మెట్లు అప్పట్లో తయారుచేసిన ఆండ్రూ ఐన్స్‌వర్త్ తర్వాత వాటినే చేసి అమ్మితే ఆ సినిమా తీసిన లూకాస్‌ఫిల్మ్ కంపెనీ కేసు వేసింది. 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు, ఆ హెల్మెట్ శిల్పం కిందకి రాదని, అక్కడి కాపీరైట్ దానికి ఆ రకంగా వర్తించదని చెప్పింది. అమెరికా కాపీరైట్ ఉల్లంఘన మీద మాత్రం ఇంగ్లండ్ కోర్టులో దావా నడవొచ్చని అదే తీర్పులో అంది. అంటే దేశాన్ని బట్టి మారుతుంది. మీ ఇంట్లో మీకోసం ఒకటి చేయించుకోవడం వేరు, నలుగురికి అమ్మడం వేరు, అమ్మే ఆలోచన ఉంటే ముందు లాయర్‌తో మాట్లాడండి. తుపాకీ రెప్లికాలు విదేశాల నుంచి తెప్పించే జోలికి అస్సలు పోకండి, కస్టమ్స్‌లో ఇరుక్కుంటారు, విమానంలో చేతి సంచిలో పెట్టుకుని బయలుదేరితే ఇంకా గొడవ. మామూలు వస్తువులకి కూడా షిప్పింగ్, డ్యూటీ కలిపి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి, ఒక్కోసారి అవి వస్తువు ధరని మించిపోతాయి.

మన ఎండలు కూడా లెక్కలోకి తీసుకోవాలి. రెజిన్‌తో చేసిన సన్నటి భాగాలు వేడికి వంగిపోతాయి, లేటెక్స్ రబ్బరు మాస్కులు కొన్నేళ్లకి గట్టిపడి పొడి పొడిగా రాలిపోతాయి. కిటికీ ఎదురుగా పెట్టకండి, ఏప్రిల్‌, మేలో కారులో అసలు వదలకండి. ఇత్తడి, క్రోమ్ అయితే మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

చేతిలో డబ్బు తక్కువుంటే కాగితం వస్తువులతో మొదలుపెట్టండి. ‘కాసాబ్లాంకా’లో అందరూ వెంటపడే ప్రయాణ అనుమతి పత్రాలు, పాత సినిమాల్లో ఉత్తరాలు, టెలిగ్రాములు, టికెట్లు, వార్తాపత్రిక ముక్కలు. మంచి కాగితం, టీ డికాక్షన్‌తో కాస్త పాతరంగు, సరైన అక్షరాల సైజు కుదిరితే ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకోవచ్చు, ఖర్చు వందల్లోనే ఉంటుంది. పైగా ఆ అక్షరాలు చదవడానికి ఫ్రేమ్ ఆపి చూస్తున్నప్పుడు సినిమాలో ఇంతకుముందు కనపడనివి ఎన్నో కనపడతాయి.

ఇంకొకటి, ప్రతి వస్తువు అడుగున కనపడని చోట రెప్లికా అని, ఎవరు చేశారో, ఏ సంవత్సరమో చెరగని సిరాతో రాసి పెట్టండి. రేపు అది మీ చేతులు దాటి ఎవరి దగ్గరికి పోతుందో తెలీదు, ఎవరో దాన్ని అసలుదని చెప్పి ఇంకొకరిని మోసం చేసే అవకాశం ఉండకూడదు.

మీకు ఇష్టమైన సినిమా ఏదో, అందులో ఏ వస్తువు మీద మనసు పడిందో రాయండి. హైదరాబాద్ దగ్గర్లో ఉంటే చెక్క పనికి, ఫైబర్ పనికి ఏ వీధిలో అడగాలో చెప్తాను.