విమానం గంటంపావు ఎందుకు తీసుకుంటుంది?

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాజమండ్రికి మా అమ్మకి మొదటిసారి విమానం టికెట్ తీశాను. గాల్లో దూరం ఎంత? టికెట్ మీద గంటంపావు అని ఉంది, అంతసేపు ఎందుకండీ?

జవాబు: శంషాబాద్ నుంచి రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడికి తిన్నగా గీత గీస్తే దాదాపు 360 కిలోమీటర్లు, రెండూ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి ప్రయాణమంతా తూర్పుకే. రోడ్డు మీదైతే 400 దాటుతుంది. ఈ రూట్లో తిరిగే ఏటీఆర్ 72 లాంటి, రెక్కల మీద పంఖాలు తిరిగే చిన్న విమానం గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది. మరి ముప్పావుగంటలో దింపాలి కదా అంటారా? ఆ వేగం పైకెక్కాకే, పైగా టికెట్ మీద వేసే టైం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల ఆగేదాకా, అంటే రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం, దిగేముందు మలుపులు, అన్నీ అందులోనే.

అమ్మగారికి చెప్పండి, ఏటీఆర్‌లో వెనక తలుపు నుంచి ఎక్కాలి, అటు రెండు ఇటు రెండు సీట్లే, మధ్య సీటు గోల లేదు. పంఖాల మోత కాస్త ఎక్కువే, టెన్షన్ పడక్కర్లేదు. కిటికీ సీటు అడగండి, దిగడానికి కాస్త ముందు గోదావరి దాటుతారు, ఎండాకాలమైతే ఇసుక తిన్నెలు కూడా కనిపిస్తాయి.

అన్నట్టు, ఎయిర్‌పోర్టుకి రెండు గంటల ముందే చేరాలి, అది కూడా లెక్కలో వేసుకోండి. టికెట్ ధర మండిపోతుంటే మాత్రం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కి పడుకోవడానికే నా ఓటు.